రాతప్రతిని చదివే మనిషి కావాలి

తెలుగులో పుస్తకం అచ్చువేయించుకోవడం ఇప్పుడు కష్టమైన పని కాదు. చేతిలో కొంత డబ్బు, తెలిసిన డీటీపీ సెంటరు ఒకటి ఉంటే నెలా రెండు నెలల్లో లామినేషన్ చేసిన అట్టతో పుస్తకం తయారై వస్తుంది. కష్టమంతా అచ్చుకు ముందు ఉంది, అచ్చుకు తరువాత ఉంది. రాతప్రతిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపికగా చదివి, ఇది పుస్తకం కాదగ్గదో కాదో, అయితే ఎక్కడ ఏమి మార్చాలో చెప్పే మనిషి దొరకడం లేదు. అచ్చయిన తరువాత దానిని ఊరి పొలిమేర దాటించి పాఠకుల చేతికి చేర్చే దారీ దొరకడం లేదు. ఈ రెండింటిలో మొదటిదే పెద్ద లోటని నేను నమ్ముతాను. పుస్తకాలు అమ్ముడుపోవడం లేదన్న మాట ప్రతి సభలోనూ వినిపిస్తుంది గాని, రాతప్రతులు చదివేవారు లేరన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. అందుకే దీనిని గురించి వివరంగా రాయాలనిపించింది.

నేను విజయవాడలో చాలాకాలంగా ప్రూఫులు దిద్దుతున్నాను. నా దగ్గరికి వచ్చే పుస్తకాలలో ఎక్కువ భాగం ఏ ప్రచురణ సంస్థా ఎంపిక చేసినవి కావు, రచయితలే సొంత ఖర్చుతో అచ్చుకు సిద్ధం చేసుకున్నవి. ఉద్యోగ విరమణ తరువాత తన ఊరి చెరువు కింద ఆయకట్టు తగాదాలను నవలగా రాసిన ఉపాధ్యాయుడు, రాత్రి డ్యూటీల మధ్య కథలు రాసుకున్న నర్సు, మగ్గం దిగిన తరువాత ఫోనులో పద్యాలు టైపు చేసిన నేత కార్మికుడు, ఇలాంటివారే వీరిలో ఎక్కువ. చివరి పేజీల ప్రూఫు తిరిగి ఇచ్చేటప్పుడు వీరిలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మొత్తం చదివారు కదండీ, ఎలా ఉంది?" ఆ ప్రశ్న విన్నప్పుడల్లా, ఆ పుస్తకాన్ని ఆసాంతం చదివిన మొదటి పరాయి మనిషిని నేనేనని అర్థమవుతుంది. అక్షరదోషాలు దిద్దడానికి కూలి తీసుకున్నవారు ఒక నవలకు తొలి పాఠకులు కావడం ఆ నవలకు జరిగిన అన్యాయం. అప్పటికే పేజీలు కట్టేసి ఉంటాయి, ముఖచిత్రం అయిపోయి ఉంటుంది, ఆవిష్కరణ సభకు హాలు మాట్లాడి ఉంటుంది. మూడో అధ్యాయం నుంచి కథ మొదలుపెడితే బాగుండేదనో, మేనత్త పాత్రను మధ్యలో వదిలేశారనో ఆ దశలో చెప్పడం వలన రచయితకు బాధ కలగడం తప్ప పుస్తకానికి ఒరిగేది ఏమీ లేదు.

మరి ప్రచురణ సంస్థలకు పంపవచ్చు కదా అంటే, పంపుతారు. జిరాక్సు తీసి, స్పైరల్ బైండింగు చేయించి, కొరియరులో పంపుతారు. ఇప్పుడైతే పీడీఎఫ్‌గా మెయిలు చేస్తారు, వాట్సాప్‌లో పెడతారు. జవాబు రాదు. తిరస్కరించారన్న జవాబు కూడా రాదు. కొన్ని నెలలు ఆగి ఫోను చేస్తే ఇంకా చూడలేదండీ అంటారు, మరికొన్ని నెలలకు ఆ ఫోను ఎత్తడం మానేస్తారు. రచయితను కుంగదీసేది తిరస్కారం కన్నా ఈ మౌనమేనని ఎందరి విషయంలోనో గమనించాను. తిరస్కరించినప్పుడు కోపమైనా వస్తుంది, ఆ కోపంలో మళ్ళీ రాయాలన్న పట్టుదలైనా వస్తుంది. జవాబే లేనప్పుడు తన రాత బాగాలేదో, అసలు చేరలేదో, చేరినా ఎవరూ విప్పి చూడలేదో తెలియక మనిషి అక్కడే ఆగిపోతాడు.

ఇందులో ప్రచురణకర్తలనే నిందించడం న్యాయం కాదు. పోటీ పరీక్షల పుస్తకాలు, భక్తి పుస్తకాలు, వ్యక్తిత్వ వికాసం, పేరున్న పాత రచయితల పునర్ముద్రణలు, వీటి మీద వచ్చే రాబడితోనే చాలా సంస్థలు నడుస్తున్నాయి. కొత్త రచయిత తొలి నవల మీద పెట్టిన పెట్టుబడి తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది, ఒక్కోసారి రాదు. అలాంటి స్థితిలో జీతమిచ్చి ఒక సంపాదకుణ్ణి పెట్టుకుని, వచ్చిన ప్రతి రాతప్రతినీ చదివించడం వారికి మోయలేని ఖర్చు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థలు ఎంపికకూ సంపాదకత్వానికీ విలువ ఇచ్చి పుస్తకాలు తెచ్చాయి. ఇటీవలి సంవత్సరాలలో యువతీయువకులు పెట్టిన కొన్ని చిన్న సంస్థలు కొత్తవారిని వెతికి మరీ అచ్చువేస్తున్నాయి. వారి శ్రమను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కాని రాసేవారి సంఖ్య ముందు ఆ చేతులు చాలడం లేదు.

ఒకప్పుడు ఈ చదివే పనిని వారపత్రికలు, మాసపత్రికలు చేసేవి. కథ పంపేటప్పుడు తిరుగు టపాకు సరిపడా బిళ్ళలు అంటించిన కవరును జతచేయడం నియమంగా ఉండేది. కథ తిరిగి వచ్చేది, కొన్నిసార్లు దానితో పాటు సంపాదకుడి చేతిరాతలో రెండు వాక్యాలు వచ్చేవి. తిరిగొచ్చిన ఆ కథల మీదనే రాయడం నేర్చుకున్నామని చెప్పిన పెద్దలు నాకు తెలుసు. సీరియల్‌గా ఆదరణ పొందిన నవలను ప్రచురణకర్త తానే అడిగి తీసుకునేవాడు, ఎందుకంటే దానికి పాఠకులు ఉన్నారని పత్రిక ముందే తేల్చి చెప్పేది. ఆ నవలలను ఊరూరా ఉన్న అద్దె లైబ్రరీలు కొనేవి. పత్రిక, ప్రచురణకర్త, అద్దె లైబ్రరీ, ఈ మూడూ కలిసిన గొలుసు మీదనే దాదాపు ముప్ఫై ఏళ్ళు తెలుగు నవల బతికింది. ఆ నవలల మంచిచెడ్డల మీద ఎన్ని వాదాలైనా ఉండవచ్చు గాని, ఎవరి అండా లేని గృహిణి రాసిన మొదటి నవల కూడా ఆ గొలుసు పట్టుకుని పాఠకుల దాకా వెళ్ళగలిగిందన్నది నిజం. 1990ల తరువాత టెలివిజన్ సీరియళ్ళు ఇళ్ళలోకి వచ్చి అద్దె లైబ్రరీలు మూతపడ్డాయి, వారపత్రికలు ఒకటొకటిగా సన్నగిల్లాయి. 1978 నుంచి నెలకొక పూర్తి నవలను అచ్చువేసిన చతుర మాసపత్రిక కూడా కరోనా తరువాత అచ్చులో రావడం లేదు. నెలకొక నవల అంటే ఏడాదికి పన్నెండుమంది నవలాకారులకు తలుపు తెరిచినట్లు. ఆ తలుపు మూసుకున్న తరువాత దానికి బదులుగా మరొకటి తెరుచుకోలేదు. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) వంటి సంస్థలు నిర్వహించే నవలల పోటీలు మేలు చేశాయి, చేస్తున్నాయి. అయితే పోటీలో బహుమతి రాని నవలకు అది ఎందుకు రాలేదో చెప్పే ఏర్పాటు ఉండదు.

అందువలన రచయిత చివరకు తన డబ్బు తీస్తాడు. డెమ్మీ 1/8 సైజులో 200 పేజీల పుస్తకాన్ని 500 ప్రతులు వేయించాలంటే డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం, అచ్చు, పర్‌ఫెక్ట్ బైండింగు అన్నీ కలిపి, కాగితం ధరను బట్టి, 50 వేల నుంచి 70 వేల రూపాయల దాకా అవుతున్నట్లు నా కళ్ళ ముందు జరిగే లెక్కలు చెబుతున్నాయి. ఇందులో బయటివారికి కనిపించని చిక్కు ఇంకొకటి ఉంది. రచయిత ఫోనులోనో కంప్యూటరులోనో యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తాడు. చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లతో, పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో పని చేస్తున్నాయి కనుక, ఆ పాఠాన్ని మార్చే క్రమంలో ఒత్తులు, పొల్లులు చెదిరిపోతాయి. రచయిత సరిగ్గా రాసిన మాటలోనే కొత్త తప్పు పుడుతుంది. పుస్తకం వచ్చిన తరువాత దానిని ఈ-బుక్‌గా పెట్టుకోవాలన్నా అచ్చుకు వెళ్ళిన తుదిపాఠం యూనికోడ్‌లో లేకపోవడం వలన పని మళ్ళీ మొదటికి వస్తుంది. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పేజీలు కట్టే వీలు ఇప్పుడు ఉంది. సొంత ఖర్చుతో అచ్చువేసుకునేవారు ముందుగానే ఆ మాట అడగాలని, తుదిపాఠం ఫైలును తమ దగ్గర ఉంచుకోవాలని నా మనవి.

పుస్తకం తయారయ్యాక విక్రేతలకు ఇస్తే నలభై శాతం, కొన్నిచోట్ల యాభై శాతం కమీషన్ పోతుంది. మిగిలినదైనా అమ్మిన తరువాతే ఇస్తారు. ఎన్ని అమ్ముడయ్యాయో తెలుసుకోవడానికి రచయితే వెళ్ళి అడగాలి. విక్రేతకు దుకాణం అద్దె, జీతాలు ఉంటాయి గనుక కమీషన్‌ను తప్పుపట్టలేము. కాని శ్రీకాకుళం రచయిత ఖమ్మం దుకాణానికి వెళ్ళి లెక్క చూసుకోవడం జరిగే పని కాదు. పోస్టులో పంపుకునేవారికి రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఒక ఆసరాగా ఉండేది. 2024 డిసెంబరులో తపాలా శాఖ దానిని నిలిపివేసింది. ఆ మరుసటి మే నెలలో జ్ఞాన్ పోస్ట్ పేరుతో పుస్తకాలకు తక్కువ రేట్ల సేవ మొదలైంది. విజయవాడలో జనవరిలో, హైదరాబాదులో డిసెంబరులో జరిగే పుస్తక ప్రదర్శనలు చిన్న రచయితకు పాఠకుణ్ణి ఎదురుగా చూసే అవకాశమిస్తున్నాయి. ఒక్కరే స్టాలు అద్దె భరించలేక నలుగురైదుగురు కలిసి తీసుకునేవారిని చూస్తుంటాను. అది మంచి పద్ధతి.

పుస్తకంగా రాకపోవడం వలన ఏమవుతుందో మన సాహిత్య చరిత్రే చెబుతోంది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను తెచ్చారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. వారందరూ ఆ మాట పుట్టక ముందు నుంచీ రాస్తున్నవారు, లేదా రాసి గతించినవారు. వారి పద్యాలు ఒక్కచోట అచ్చులో కనిపించలేదు కాబట్టి వారు లేరని తేల్చేశారు. శ్రీశ్రీ మహాప్రస్థానం సంగతి అందరికీ తెలిసినదే అయినా ఇక్కడ గుర్తుచేయక తప్పదు. ఆ కవితలు 1930లలో రాసినవి, చలం దానికి 1940లో యోగ్యతాపత్రం అన్న ముందుమాట రాశారు, మచిలీపట్నానికి చెందిన నళినీకుమార్ పూనుకున్న తరువాత 1950లో గాని అది పుస్తకం కాలేదు. తెలుగు కవిత్వం దారి మార్చిన పుస్తకానికే ముందుమాట వచ్చిన తరువాత పదేళ్ళు పట్టింది. అయితే ఆ పదేళ్ళూ దానిని చదివినవారు ఉన్నారు, నోటికి చెప్పుకున్నవారు ఉన్నారు, చలం అంతటి పాఠకుడు ఉన్నాడు. ఇవాళ్టి కొత్త కవికి అచ్చు రెండు నెలల్లో దొరుకుతోంది, అలాంటి పాఠకుడు మాత్రం దొరకడం లేదు.

వట్టికోట ఆళ్వారుస్వామిని కూడా తలచుకోవాలి. ఆయన 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ఇతరుల పుస్తకాలు అచ్చువేసి, వాటిని స్వయంగా మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. రాసే మనిషే మరొకరి రాతకు ప్రచురణకర్త, విక్రేత కావడానికి సిద్ధపడ్డ కాలం అది. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయాన్ని నెలకొల్పినప్పుడూ ఆలోచన అలాంటిదే: పత్రికలలో ఒకసారి అచ్చయి, ఏ సంపుటిలోకీ చేరకుండా చెదిరిపోతున్న కథలకు ఒక చోటు ఉండాలి. అక్కడి బీరువాలలో ఉన్న కథలలో ఎన్నో, వాటి రచయితలు బతికి ఉండగా పుస్తకంగా చూసుకోలేకపోయినవే.

డబ్బు విషయంలో స్త్రీల పరిస్థితి వేరుగా ఉంటుంది. మగవాడు తన పింఛను బకాయిలోంచి 60 వేలు తీసి పుస్తకం వేసుకుంటే ఇంట్లో నాలుగు మాటలు అంటారు, అంతటితో సరి. ఇల్లాలు అదే పని చేయాలంటే ముందు ఇంట్లోవారి చేత ఒప్పించుకోవాలి, ఒప్పించుకోవాలంటే రాసినది వారికి చూపించాలి, చూపించవలసి వస్తుందని తెలిసినప్పుడు రాసే మాటే మారిపోతుంది. నాకు తెలిసిన ఒకావిడ, తన అత్తగారి ఊళ్ళో జరిగిన విషయాన్ని ఆధారం చేసుకుని రాసిన చక్కటి కథను ఈ కారణంతోనే సంపుటి నుంచి తీసేశారు. సొంత ఖర్చుతో ప్రచురణ అన్న పద్ధతి, ఎవరి చేతిలో డబ్బు ఉందో వారి రాతనే ముందుకు తెస్తుంది. కూలిపని చేసుకునే కవికీ, నిరుద్యోగ యువకుడికీ, ఇల్లాలికీ ఆ దారి సగం మూసుకుపోయే ఉంటుంది. ఎంపిక లేని ప్రచురణ అందరికీ సమానంగా అందుబాటులో ఉందనుకోవడం పొరపాటు.

ఇంటర్నెట్ వచ్చాక ఈ డబ్బు అడ్డంకి కొంత తొలగిన మాట నిజం. కినిగె 2010 నుంచి తెలుగు ఈ-పుస్తకాలకు ఒక అంగడిని చూపింది. ప్రతిలిపి వంటి ఆన్‌లైన్ వేదికల మీద సీరియల్ నవలలు రాసి వేలమంది పాఠకులను సంపాదించుకున్నవారు ఉన్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలే కావడం నాకు సంతోషంగా అనిపిస్తుంది. అయినా అక్కడ వచ్చే వ్యాఖ్యలలో తరువాతి భాగం ఎప్పుడని అడిగేవే ఎక్కువ. ఈ భాగంలో కథ ఎందుకు నడవలేదో చెప్పే వ్యాఖ్య అరుదు.

సొంతంగా వేసుకునేవారి ఆశను సొమ్ము చేసుకునే వ్యాపారం ఈ మధ్య పెరిగింది కనుక కొన్ని విషయాలు స్పష్టంగా చెప్పాలి. పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌ను రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయిత నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి వేల రూపాయలు అడిగేవారికి ఇవ్వనక్కరలేదు. కాపీరైటు రచన పుట్టిన క్షణం నుంచే రచయితది, రిజిస్ట్రేషన్ ఉంటేనే హక్కు అన్న మాట నిజం కాదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి, రచయిత సంతకం ఉండాలి. ఎంత కాలానికో రాయకపోతే అది 5 ఏళ్ళకే చెల్లుతుంది. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దానిని వినియోగించకపోతే ఆ బదలాయింపు రద్దయినట్లే. అచ్చువేస్తామని తీసుకుని ఏళ్ళ తరబడి కదలించని రాతప్రతుల విషయంలో ఈ ఒక్క నిబంధన తెలిస్తే చాలా మంది నిశ్చింతగా మరొకచోటికి వెళ్ళగలుగుతారు. ప్రచురణకర్తగా తన పేరే వేసుకున్న రచయిత మీద ఒక బాధ్యత కూడా ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజులలోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీ నగరాలలోని నిర్దేశిత గ్రంథాలయాలకూ ఒక్కొక్క ప్రతి పంపాలి. నాలుగు ప్రతుల ఖర్చుతో పుస్తకం దేశపు లెక్కలోకి ఎక్కుతుంది, కాబట్టి దీనిని భారమనుకోకూడదు.

ప్రభుత్వాల వైపు నుంచి జరగవలసింది కొత్తగా కనిపెట్టనక్కరలేదు. తెలుగు విశ్వవిద్యాలయం ఆర్థిక సహాయంతో, తిరుమల తిరుపతి దేవస్థానం సహాయంతో అచ్చయిన పుస్తకాలు మన ఇళ్ళలోనే ఎన్నో ఉన్నాయి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకే వసూలవుతున్నాయి. ఆ సొమ్ము సకాలంలో జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరి, ఏటా క్రమం తప్పకుండా కొత్త తెలుగు పుస్తకాలను ఎంపిక చేసి కొంటే, 500 ప్రతులు వేసిన రచయిత మరో పుస్తకం తలపెట్టగలుగుతాడు. ఎంపిక అన్న మాటను నేను కావాలనే నొక్కి చెబుతున్నాను. అచ్చయినవన్నీ కొనమని అడగడం లేదు, చదివి కొనమని అడుగుతున్నాను.

ఇక మన చేతిలో ఉన్న పని. పుస్తకం ఆవిష్కరించడానికి ఊరూరా సాహిత్య సంస్థలు ఉన్నాయి, శాలువాలు ఉన్నాయి, వక్తలు ఉన్నారు. ఆ శ్రమలో కొంత అచ్చుకు ముందుకు జరపగలిగితే ఎంతో ప్రయోజనం ఉంటుంది. మేము కొందరం, అందరమూ చదవడం అలవాటున్నవాళ్ళమే, నెలకొక రాతప్రతిని తీసుకుని ముగ్గురేసి చొప్పున చదివి, రచయితను కూర్చోబెట్టుకుని ఒక పూటంతా మాట్లాడటం మొదలుపెట్టాము. మొదట వచ్చిన నవల రచయిత తన పుస్తకంలో అరవై పేజీలు తీసేసి, చివరి అధ్యాయాన్ని మళ్ళీ రాస్తున్నారు. ఇంకొకరు మా అభిప్రాయంతో ఏకీభవించలేదు, తన రాతప్రతిని యథాతథంగా అచ్చుకు ఇచ్చారు. అది ఆయన హక్కు. మేము ప్రచురణకర్తలము కాము, డబ్బు తీసుకోము, ఎవరికీ సిఫారసు ఉత్తరాలు రాయము. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో కాగితం మీద రాసి ఇస్తాము, ఎంత ఆలస్యమైనా జవాబు మాత్రం ఇస్తాము. ప్రస్తుతానికి కథల సంపుటాలు, నవలలు మాత్రమే చదవగలుగుతున్నాము. కవిత్వం చదవడానికి ఒప్పుకున్న ఇద్దరు వచ్చే నెల నుంచి చేరుతున్నారు.